మేడమీది బడి, కింద కొట్లు

మా ఆయన చాలా బళ్లలో పనిచేశారు. హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. తోటలూ, ఆటస్థలాలూ, గంట కొట్టడానికి ప్రత్యేకంగా ఒక మనిషీ ఉన్న బళ్లు కూడా చూశారు. కానీ జబ్బు చేసి, జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారిపోతూ వచ్చినప్పుడు ఆయన దగ్గర మిగిలింది మాత్రం మొట్టమొదట ఉద్యోగం చేసిన బడి ఒక్కటే.

అది బడి అంటే బడి కాదు. బజారు వీధిలో పుస్తకాల కొట్టు మీద ఒక పెద్ద గది. పైకి చెక్క మెట్లు. పిల్లలు ఎక్కుతుంటే కింద కొట్టువాడి నెత్తిన దుమ్ము రాలేది. కిటికీ సరిగ్గా వీధి మీదికే ఉండటంతో పిల్లల చూపులన్నీ అటే పోయేవి. అంతకుముందున్న పంతులు ఆ కిటికీకి మేకులు కొట్టించాడట. మా ఆయన వెళ్లిన రోజునే మేకులు పీకించి, బోర్డు తీసుకెళ్లి కిటికీ పక్కనే తగిలించారు. "ఎలాగూ చూస్తారు. చూసిందేదో నాకే చెప్పనీ" అన్నారు.

అక్కడితో ఆగలేదు. వారానికోసారి పిల్లల్ని తలా ఒక కొట్టుకి పంపేవారు. కాసేపు కూర్చుని, చూసింది వచ్చి క్లాసులో చెప్పాలి. గడియారాల కొట్టుకి వెళ్లిన ఒక పిల్ల వచ్చి, "ఆ మామయ్యకి టైము తెలీదు సార్! గోడ మీద ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తోంది" అంది. క్లాసంతా గొల్లుమంది. గడియారాలాయన మర్నాడే అన్నీ ఒకే టైముకి సరిచేసి, ఆ పిల్లని పిలిచి మరీ చూపించాడు. చెప్పుల కొట్టాయన మాత్రం మెట్లెక్కి వచ్చాడు. "పంతులుగారూ, మీవాడు నా కొంప ముంచాడండీ. బేరం కుదిరే వేళకి, పోయిన వారం ఇదే జత ఎవరో తిరిగిచ్చేశారు కదా అన్నాడు!" అని లబోదిబోమన్నాడు. "అబద్ధం చెప్పాడా?" అన్నారు ఈయన. చెప్పులాయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ వారం పిల్లవాణ్ణి పంపకపోతే తనే వచ్చి అడిగాడు.

నేను కాపురానికి వచ్చింది ఆ గది వెనకనున్న వంటింట్లోకే. ఐదో తరగతితో ఆపేసిన దాన్ని. పొయ్యి ముందు కూర్చుని వింటుంటే ఆ నవ్వులూ, ఆ కేకలూ, ఎదుటి వరసలో దర్జీ మిషను చప్పుడూ అన్నీ కలిసి ఒకే పాఠంలా ఉండేవి. తరవాత మంచి జీతం వచ్చింది, మంచి ఇల్లూ వచ్చింది. ఆయన అంత సంతోషంగా ఉండటం మాత్రం నేను మళ్లీ చూడలేదు.

రిటైరయ్యాక మళ్లీ ఆ బజారు దగ్గరికే వచ్చి ఉన్నాం; ఆ బడి ఎప్పుడో ఎత్తేశారు. జబ్బు ముదిరాక ఒక ఉదయం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "పిల్లలొచ్చేస్తారు" అంటూ బయల్దేరారు. నేను పెరట్లో ఉన్నాను. వచ్చి చూస్తే మనిషి లేడు. కాసేపటికి బజారులో దర్జీ ఈయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ దర్జీ అప్పటి దర్జీ కొడుకే, మేడమీది బడిలో ఈయన మొట్టమొదట చదువు చెప్పిన పిల్లల్లో ఒకడు. వాడికీ జుట్టు నెరిసింది.

"మీరేం బెంగపెట్టుకోకండి అమ్మా. రోజూ రానివ్వండి. బజారు మనదే కదా, మేం చూసుకుంటాం" అన్నాడు.

అన్న మాట నిలబెట్టుకున్నారు. వీధి మొదట్లో గడియారాలాయన చూసి, "మాస్టారొస్తున్నారోయ్!" అని కేకేసేవాడు. ఫోటో స్టూడియో ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. ఎవరు కనబడినా నవ్వండి, నవ్వండి అంటాడని అప్పటి బడిపిల్లలు అతనికి 'నవ్వండిగారు' అని పేరు పెట్టారు. అక్కణ్ణించి చెప్పులాయన, ఆ తరవాత దర్జీ. ఒకప్పుడు ఈయన తన పిల్లల్ని వాళ్లకి అప్పగించినట్టే, ఇప్పుడు వాళ్లు ఈయన్ని ఒకరికొకరు అప్పగించుకునేవారు. చివరికి దర్జీ బల్ల మీద కూర్చోబెట్టి, "ఇవాళ బడికి సెలవు కదా మాస్టారూ" అనేవాడు.

"నాకు తెలీకుండా ఎవడిచ్చాడు సెలవు?"

"నిన్న మీరే ఇచ్చారండీ."

"నేనా? అయితే సరే."

బుద్ధిగా ఇంటికొచ్చేవారు. ఆ రోజంతా ప్రశాంతంగా ఉండేవారు.

తరవాత బజారు కరిగిపోవడం మొదలైంది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక నవ్వండిగారి స్టూడియో మూతపడింది. గడియారాలాయన కళ్లు కనబడక మానుకున్నాడు. చెప్పుల కొట్టు, పుస్తకాల కొట్టు ఉన్న వరసంతా ఎవరో కొనేసి పడగొట్టారు. మేడమీది గది ఇటుకలుగా లారీ ఎక్కింది. ఈయన కళ్లు మాత్రం దాన్ని నమ్మలేదు. దర్జీ ఉన్నాడు, అదొక్కటే ధైర్యం.

ఒక సాయంత్రం ఆ దర్జీ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కొట్టు ఖాళీ చెయ్యమన్నారమ్మా. బట్టల ఫ్యాక్టరీలో పని దొరికింది. చొక్కా మొత్తం కుట్టక్కర్లేదట, కాలర్లు మాత్రం కుట్టాలట" అని నవ్వబోయాడు. "మాస్టారి సంగతి తల్చుకుంటేనే..." అని ఆపేశాడు.

మా తమ్ముడు తాళంకప్ప తెచ్చాడు. "వెయ్యక్కా. ఏ బండి కిందో పడితే ఎవరిదా పాపం?" అన్నాడు. వేశాను. ఆయన చొక్కా వేసుకుని వచ్చి తలుపు లాగారు, కొట్టారు, నుదురు ఆనించి ఏడ్చారు. "పిల్లలు మెట్ల మీద నిలబడి ఉంటారు. తియ్యండమ్మా, తియ్యండి" అని బతిమాలారు. అలాంటి ఏడుపు నేను ఆయన తల్లి పోయినప్పుడు కూడా చూడలేదు. ఇలా కట్టేస్తే మనిషి దక్కడనిపించింది. మర్నాడు తాళం తీసి, వెనకే నడిచాను.

వీధిలో ఎవరూ పలకరించలేదు. అన్నీ అద్దాల తలుపులు. దర్జీ కొట్టు షట్టరు దించి ఉంది. మెట్లు ఉండాల్సిన చోట రేకుల కంచె. ఆయన చేత్తో రేకుని తడుముతూ ఆ చివరికీ ఈ చివరికీ తిరిగారు. చెమటలు పట్టాయి. నేను దగ్గరికి వెళ్లేసరికి గిరుక్కున తిరిగి, చొక్కా సర్దుకుని, నిటారుగా నిలబడ్డారు.

"ఏమ్మా, మీవాడు ఇవాళ కూడా రాలేదేం?" అన్నారు.

మాకు పిల్లలు లేరు. ఆయన కళ్లలో బెదురు తగ్గి, పంతులు చూపు వచ్చింది.

"ఒంట్లో బాగాలేదండీ" అన్నాను.

"పదండి, నేనే వచ్చి చూస్తాను."

అలా మా ఇంటికి ఆయన్ని తీసుకొచ్చాను. పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్లు తాగారు. "తెలివైనవాడే. కాస్త మాటలెక్కువ. దానికని కొట్టకండి" అన్నారు. కొట్టనని చెప్పాను. లోపల నిద్రపోతున్నాడంటే, లేపొద్దని మెల్లగా మాట్లాడారు.

ఆ రోజునించి అదే మా దినచర్య. ఉదయం ఆయన బడికి వెళ్లేవారు, నేను కంచె దగ్గర ఎదురయ్యేదాన్ని, పిల్లవాణ్ణి చూడటానికి ఆయన మా ఇంటికి వచ్చేవారు. తాళం మళ్లీ వెయ్యలేదు. కానీ ఏమే అనీ, ఇదిగో అనీ నన్ను పిలిచిన మనిషి మళ్లీ తిరిగి రాలేదు. పోయేదాకా నేను ఆయనకి 'అమ్మా, మీరు' మాత్రమే.

మంచం పట్టాక ఒకరోజు అడిగారు, "మీ ఆయనేం చేస్తుంటారమ్మా?" అని.

"బడిపంతులండీ."

ఆయనకి నవ్వొచ్చింది. "మరి వాడికి ఇంట్లోనే చెప్పొచ్చుగా!"

"ఆయనకి తీరికుండదండీ. బడి అంటే ప్రాణం."

"అంతేనమ్మా, మా పంతుళ్లు అంతే. ఏమీ అనుకోకండి" అన్నారు. దుప్పటి సర్దబోతే, శ్రమపడొద్దని చెయ్యి అడ్డం పెట్టారు.