పచ్చజెండా ఎత్తింది నేనే

“యోవ్, నీ లైఫ్ జాకెట్ యాడ?” అని అడిగినాను.

“ఆ పాపకు కట్టినా. నాకేం ఈత రాదా? జెండా ఎత్తు మే, గాలి లేస్తాండాది” అన్నాడు నా పెనిమిటి. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే.

కరోనాకు ముందటేడు ఎండాకాలం. కడప జిల్లాలో ఒక రిజర్వాయరు దగ్గర బోటు షికారులో ఆయన డ్రైవరు, నేను గట్టు మీద జాకెట్ల మనిషిని. ఎక్కేవాళ్లకు జాకెట్లు కట్టి, తలలు లెక్కపెట్టి, అన్నీ సరిగా ఉంటే పచ్చజెండా ఎత్తాలి. జెండా ఎత్తందే బోటు కదలకూడదు. చీర కట్టిన ఆడవాళ్లకైతే పైట లోపలికి దోపి పట్టీలు బిగించాలి. పైట మీదుగా కడితే నీళ్లలో జారిపోతుంది.

ఆ పొద్దు ఒంటిమిట్టలో దేవుణ్ణి చూసుకుని పత్తికొండ వాళ్లు వచ్చినారు. ఒక ముసలామె, “ఇదేందమ్మా, గాడిద వీపుకు బరువుల గంత కట్టినట్టు కడతాండావు” అని అందరినీ నవ్వించింది. వాళ్లు పదహారు మంది. ఒక జాకెట్ పట్టీ తెగిపోయి ఉంటే పక్కన పెట్టినాను. అట్లా ఒక పాపకు తక్కువైంది. పాపను దింపమన్నాను.

“ఇంత దూరం వచ్చినాం గదమ్మా, దాని మొగం చూడు” అన్నాడు వాళ్ల నాయన. పాప ఏడ్చింది. నా పెనిమిటి తనది విప్పి ఆ బిడ్డకు తొడిగి, పట్టీలు రెండు చుట్లు చుట్టి కట్టినాడు. నేను జెండా ఎత్తినాను.

నడి నీళ్లలో ఎవరిదో చేపల వల ఇంజను ఫ్యానుకు చుట్టుకుంది. బోటు గాలికి కొట్టుకుపోతుంటే ఆయన కత్తి పట్టుకుని దిగినాడు. ఫ్యానుకున్న వల తెగింది గానీ, కాలికి చుట్టుకున్నది వదల్లేదు. జాకెట్ ఉంటే తల నీళ్లపైన నిలిచేది. రెండో బోటు పోయి పదహారు మందినీ గట్టుకు చేర్చింది. ఆయన్ని సాయంత్రానికి తీసినారు.

మూడోనాడు పై ఆఫీసరు విచారణకు వచ్చినాడు. జరిగింది జరిగినట్టు చెప్పినాను, జెండా సంగతి కూడా. ఆయన రాసుకుని, “వేలిముద్ర వెయ్యమ్మా, నీ పని పోకుండా రాసినా” అన్నాడు. వేసినాను. ఏం రాసినాడో అడగలేదు.

ఆ పనిలోనే ఇంకో ఆరేండ్లు గడిపి అరవై దాటినాను. పని దిగిపోయిన నాడు గుమాస్తా ఫైలు తిరగేస్తూ ఆ కాగితం చదివినాడు. “జెండా ఎత్తకమునుపే డ్రైవరు బోటు తీసెను” అని ఉంది. చచ్చిపోయిన మనిషి మీద నా తప్పు వేసి ఇన్నేండ్లు కూడు తిన్నాను.

ఈ పనికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మొదటి జాకెట్ డ్రైవరుకు కట్టండి. ఒకటి తక్కువైతే ఒకరు దిగాల్సిందే, ఎవరు ఏడ్చినా సరే. చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దండి.

ఇది రాస్తున్నది మా చెల్లెలి కూతురు సరోజ. ఏం సరోజా, జెండా ఎత్తింది నేనే అని రాసినావా? నా మీద జాలితో ఏమీ మార్చలేదు గదా తల్లీ? మొదట్నుంచి చదువు, ఇంటా. ఆనక వేలు పెడతా.