డారెన్ తెరిచిన పక్క తలుపు

డారెన్ ఓల్డ్‌రాయిడ్ పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. అతను అంత గొప్పవాడని కాదు. తన పిల్లలు చదివే బెక్‌ఫోల్డ్ హైస్కూలు పాలకవర్గంలో తల్లిదండ్రుల తరఫు సభ్యుడి కుర్చీ, అక్కడి మాటలో గవర్నరు కుర్చీ, ఖాళీగా ఉంది, ఎవరైనా నిలబడండి అని బడివాళ్లు మూడుసార్లు ఉత్తరాలు పంపారు. ఏడువందల ఇళ్లలో ఒక్క ఇంటి నుంచి కూడా కాగితం తిరిగి రాలేదు. నాలుగోసారి వచ్చిన కాగితాన్ని డారెన్ భార్య జోడీ తనే నింపి, సంతకం కోసం అతని ముందుకు తోసింది. గ్యాసు మీటరు తాలూకు కాగితమనుకుని అతను గీకేశాడు.

ఫలితం తెలిసిన రోజు జోడీ, "గవర్నరు గారూ, కాస్త ఆ చెత్తడబ్బా బయట పెట్టి దయచేయండి," అంది.

డారెన్ వడ్రంగి. ఆ బడిలోనే చదివి, పదహారేళ్లకు బయటపడ్డాడు. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. ఎవరైనా పాత తలుపు పారేస్తే ఇంటికి మోసుకొచ్చి, ముక్కముక్కలుగా విప్పి, మళ్లీ అతికించి, అది సరిగ్గా పడేదాకా తిండి సంగతి మరిచిపోయేవాడు. ఆ యార్క్‌షైర్ లోయలో ఇరవై ఎనిమిదేళ్లుగా తలుపులు బిగిస్తున్నాడు, వంటింటి అరలు కడుతున్నాడు. మనుషుల్ని రెండు రకాలుగా చూస్తాడు: తలుపు నెమ్మదిగా మూసేవాళ్లు, దబాలున వేసేవాళ్లు. మూడో రకం గవర్నర్ల సమావేశానికి వెళ్లాక తెలిసింది. వాళ్లు తలుపు గురించి ఉపసంఘం వేస్తారు.

సమావేశాలు బడి గ్రంథాలయంలో జరిగేవి. అధ్యక్షురాలు హిలరీ ఫెన్‌విక్ ఉద్యోగం చేసినన్నాళ్లూ పెద్ద పెద్ద ఆఫీసులకు ప్రణాళికలు రాసింది. రిటైరైనా ఆ చెయ్యి ఊరుకోలేదు. మొదటి రోజే డారెన్‌ను పక్కకు పిలిచి చెప్పింది.

"మీరు తల్లిదండ్రుల్లోంచి వచ్చారు గానీ, వాళ్ల మాటలు మోసుకొచ్చే మనిషి కాదండీ. ఎవరైనా మీతో ఏదైనా చెప్పుకుంటే ఫిర్యాదుల విధానం చూసుకోమనండి. మన వెబ్‌సైట్లో ఉంది."

"అయితే నేనిక్కడ ఏం చెయ్యాలండీ?"

"దార్శనికత ఇవ్వాలి."

డారెన్ తన చేతులకేసి చూసుకున్నాడు. వాటికి అప్పటికింకా జిగురు అంటుకునే ఉంది.

ఎవరి ఫిర్యాదులూ వినొద్దని హిలరీ చెప్పింది గానీ, అతని పనిలో వినకుండా ఉండటం కుదరదు. అరలు బిగించడానికి సింకు కింద తలదూర్చి పడుకున్న మనిషితో జనం చెప్పని సంగతంటూ ఉండదు. ముఖం కనపడదు కదా, బయటున్న అతని కాళ్లతో మాట్లాడతారు. మొగుడి సంగతి, మోకాలి నొప్పి, పిల్లకి లెక్కలు రాకపోవడం, అన్నీ ఆ రెండు బూట్లకే విన్నవించుకుంటారు. హిలరీ దగ్గర బడి లెక్కలు చూపే రంగు రంగుల పటాలుంటే, డారెన్ దగ్గర ఊరి పనివాళ్లుండే గుట్టమీది కాలనీలో సగం ఇళ్ల గుట్టుంది.

ఆ శరదృతువులో సమావేశానికి వచ్చిన పటం మరీ అధ్వానంగా ఉంది. తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు పంతుళ్లను కలిసే సాయంత్రం ఒకటుంటుంది. పిల్లలు పైతరగతుల్లో ఏ సబ్జెక్టులు తీసుకోవాలో తేలేది ఆ రోజే. నూట ఎనభై కుటుంబాల్లో కిందటేడు వచ్చినవి డెబ్బై ఒకటి. గుట్టమీది కాలనీ నుంచైతే తొమ్మిది.

"వాళ్లకి ఆసక్తి లేదు. అది నిజం, ఒప్పుకుందాం," అంది హిలరీ. "వచ్చే గురువారం కూడా సగం మంది రాకపోతే, ఆ తరవాతి సోమవారం సమావేశంలో తీర్మానం పెడతాను. ఇక మీదట అంతా వీడియోలోనే. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. గడువు కాగానే అదే ఆగిపోతుంది. శుభ్రంగా ఉంటుంది."

అందరూ తలలూపారు. డారెన్ ఊపలేదు, అలాగని నోరు మెదపనూ లేదు. మాట్లాడటం అతనికి చేతకాని పని. చేతకాని పనికి చెయ్యి పెట్టకపోవడం అతనికి అలవాటు.

మర్నాడు అతను కెర్రీ గ్రీన్‌వుడ్ ఇంట్లో సింకు కింద ఉన్నాడు. కెర్రీ ఒకప్పుడు అతని తరగతిలోనే చదివింది. ఇప్పుడు వృద్ధాశ్రమంలో పని చేస్తోంది. కూతురు డెమీ తొమ్మిదో తరగతి.

"గురువారం వస్తున్నావా?" అని లోపల్నుంచే అడిగాడు.

"ఎక్కడికి? బడికా? పోరా."

"డెమీ ఏం తీసుకోవాలో చెబుతారు కదే."

"దానికి పిల్లల డాక్టరు అవ్వాలనుందట. సైన్సు మూడు రకాలుంటాయట కదా, మూడూ తీసుకోవాలట. ఆ పంతులేమో వద్దు, తేలికది చాలు అన్నాడట. ఎందుకు వద్దన్నాడో వాడి కళ్లలోకి చూసి అడగాలనుంది. కిందటేడు ఓసారి రాలేనంటే వీడియోలో మాట్లాడమన్నారు. ఫోన్లో వాడి నుదురు తప్ప ఏమీ కనపళ్లేదు. నుదుటిని ఏం అడుగుతాం?"

"మరి వచ్చి అడుగు."

కెటిల్ బుసబుసలాడుతోంది.

"ఆ ముందు తలుపులోంచి నేను రాను, డారెన్. చచ్చినా రాను."

అతను సింకు కింద నుంచి తల బయటకు తీశాడు. పని మధ్యలో అతను అలా చేసింది చాలా తక్కువ.

"ఎందుకే?"

"నీకు గుర్తులేదా? ఆ నడవాలో బల్ల ఉండేది కదా. తప్పు చేసినవాళ్లని అక్కడ కూర్చోబెట్టేవాళ్లు. మా అమ్మని ఆ తలుపు దగ్గరికే పిలిపించేవాళ్లు. పనిచేసే బట్టల్లో నిలబడి ఏడ్చేది. నేనైతే ఆ బల్ల మీదే పుట్టి పెరిగినంత పని చేశాను. ఇప్పుడక్కడ ఓ మిషను పెట్టారట, ఫొటో తీస్తుందట. ఏ సంస్థ నుంచి వచ్చారని అడుగుతుందట. ఏం చెప్పను, గ్రీన్‌వుడ్ అండ్ కో అని చెప్పనా?"

"అప్పట్లో ఈ సాయంత్రాలకి మన పెద్దవాళ్లు ఎలా వచ్చేవాళ్లు?"

"వంటింటి పక్క తలుపులోంచి. బఠాణీలు ఉడికిన వాసన వచ్చేది. ఎవడూ పేరడిగేవాడు కాదు."

ఆ వారంలో డారెన్ గుట్ట మీద ఇంకో ఆరిళ్లలో పని చేశాడు. ఆరు సింకుల కింద నుంచీ అదే ప్రశ్న వేశాడు. అయిదిళ్లలో అదే జవాబు వచ్చింది, మాటల్లోనే తేడా. ఒకావిడ మాత్రం తనకు పంతుళ్లంటేనే పడదంది. ఆవిడ వేరే సంగతి.

అప్పుడు అతనికి తన సంగతి కూడా తట్టింది. సమావేశానికి వెళ్లినప్పుడల్లా ఆ నడవాలో తను కూడా జేబుల్లోంచి చేతులు తీసి, గోడ వారన, చప్పుడు కాకుండా నడుస్తాడు. నలభై అయిదేళ్లొచ్చిన గవర్నరు.

పక్క తలుపు తొమ్మిదేళ్లుగా మూతబడి ఉంది. ఎవరో పొడుగాటి మరలు ఆరు దిగ్గొట్టి, పైన రంగేసేశారు. డారెన్ తిన్నగా ప్రధానోపాధ్యాయిని మిసెస్ లాంగ్‌డేల్ గదికి వెళ్లాడు. ఆవిడ ముందు కాగితాల గుట్ట, పక్కన సగం తిన్న శాండ్‌విచ్.

"వంటింటి పక్క తలుపు తెరుస్తానండీ. గురువారానికి."

"అది వచ్చే టర్ములో భవనాల ఉపసంఘం ముందు పెట్టాలి, మిస్టర్ ఓల్డ్‌రాయిడ్."

"అప్పటికి ఆ సాయంత్రం అయిపోతుంది కదండీ."

ఆవిడ శాండ్‌విచ్‌కేసి చూసింది. "తలుపు కింద తేమ పట్టింది. బాగుచేయించాలని నేనెప్పుడో రాశాను. బాగుచేసేటప్పుడు తెరవకుండా ఎవరూ చేయలేరు గదా. ఇక మీరు చెప్పింది నేను వినలేదు."

బుధవారం మధ్యాహ్నమంతా అతను ఆ తలుపు దగ్గరే గడిపాడు. మరలు తుప్పు పట్టి తలలు ఊడిపోతే, ఒక్కొక్కదాని చుట్టూ ఉలితో తవ్వి లాగాడు. తలుపు దించి, ఉబ్బిన కిందంచుకు చిత్రిక పట్టాడు. కుళ్లిన మేరకు కోసేసి, ఓక్ చెక్క ముక్క అతికించాడు. బందులు మార్చి, మళ్లీ ఎక్కించి, ఒక్క వేలితో తోశాడు. అది తెరుచుకుని, ఎక్కడాగమంటే అక్కడ ఆగింది. వంటింట్లోంచి వంటావిడ బెవ్ తొంగిచూసింది.

"ఒరే డారెన్, అవతల కట్టిన కొత్త భవనానికి అన్ని లక్షలు పోశారు. దాని తలుపు ఒక్కటీ ఇలా తిరగదు."

"రేపు ఇటుగా జనం వస్తారు. టీ పెడతావా?"

"ఎంతమందికి?"

"ఏమో. పెద్ద గిన్నెడు పెట్టు."

గుట్టమీది కాలనీలో ఉత్తరాలు పంచలేదు అతను. ఆ ఏడిళ్లలో చెప్పాడంతే. మిగతా పని ఏడు నోళ్లు చూసుకున్నాయి.

గురువారం ఆరింటికి వాన. మొదట ముగ్గురు వచ్చారు, తలుపు ముందు నిలబడి అటూ ఇటూ చూసి లోపలికి వచ్చారు. తరవాత గుంపులుగా వచ్చారు. బెవ్ బఠాణీలు కూడా ఉడికించింది, ఎవరూ అడక్కుండానే. కెర్రీ వృద్ధాశ్రమం దుస్తుల్లోనే వచ్చి, టీ కప్పు పట్టుకుని సైన్సు పంతులు బల్ల ముందు కూర్చుని, అయిదు నిమిషాలు కాదు, ఇరవై నిమిషాలు లేవలేదు. లేచేటప్పటికి పంతులే ఏదో రాసుకుంటున్నాడు.

"ఏమన్నాడు?" అని డారెన్ అడిగాడు.

"డెమీ మార్కులనుకుని జాబితాలో పక్క పిల్ల మార్కులు చూశాడట. నిజమే, తప్పు నాదే అన్నాడు. వాడి ముఖం చూశాను. నిజంగానే సిగ్గుపడ్డాడు పాపం."

సోమవారం సమావేశంలో హిలరీ తెర మీద పటం వేసింది.

"గురువారం హాజరు యాభై రెండు. ఇంతవరకు ఇంత తక్కువ ఎన్నడూ లేదు."

డారెన్ ఆ అంకెకేసి వంగి చూశాడు. అంతమంది వస్తే యాభై రెండేమిటి? అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. లెక్క పెట్టేది ముందు నడవాలోని మిషను. పక్క తలుపులోంచి వచ్చినవాళ్లు దాని కంట పడనే లేదు. వాళ్లను రప్పించడానికి తను చేసిన పనే వాళ్లను లేకుండా చేసింది.

"తీర్మానం ఓటుకు పెడుతున్నాను," అంది హిలరీ.

"ఆగండి," అన్నాడు డారెన్. ఏడాదిగా సమావేశాల్లో అతని నోటివెంట వచ్చిన మొదటి మాట అదే. అందరూ చూస్తున్నారు. "వాళ్లు పక్క తలుపులోంచి వచ్చారండీ. ముందు తలుపంటే వాళ్లకి భయం. నాకూ భయమే."

ఎవరో నవ్వబోయి ఆగారు.

"మీరు చెప్పేది ఒక అభిప్రాయం, మిస్టర్ ఓల్డ్‌రాయిడ్. ఆధారం కావాలి," అంది హిలరీ.

మిసెస్ లాంగ్‌డేల్ సంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "పంతుళ్ల దగ్గరి జాబితాలు. ఎవరిని కలిశారో వాళ్ల పేరు దగ్గర టిక్కు పెట్టుకుంటారు. ఆదివారమంతా కూర్చుని చూశాను. నూట ముప్పై నాలుగు కుటుంబాలు. గుట్ట మీది నుంచి నలభై ఎనిమిది."

హిలరీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడిచిన మీదట ఆవిడకు కనపడింది వేరే సంగతి.

"అంటే ఎనభై రెండు కుటుంబాలు పేరు నమోదు లేకుండా బడిలోపల తిరిగాయా? పిల్లలుండే చోట?"

ఆవిడ అడిగినదాంట్లో తప్పు లేదని డారెన్‌కు కూడా తెలుసు. తలుపు బాగా తిరగడం గురించే ఆలోచించాడు గానీ, దాని దగ్గర ఒక మనిషి ఉండాలని తట్టలేదు. ఆ మాటే చెప్పాడు. "అది నా పొరపాటేనండీ. పుస్తకం పెట్టి నేనే నిలబడతాను. అక్కడొచ్చే ముఖాలన్నీ నాకు తెలుసు."

ఓట్లు తీశారు. వీడియోకు నలుగురు, మనుషులు మనుషుల్ని కలవడానికి ఏడుగురు. హిలరీ కూడా ఆ ఏడుగురిలో ఉంది. లెక్క తప్పిన పటం కంటే ఆవిడకు చిరాకైనది లోకంలో లేదు, అందుకే పటాన్ని సరిచేసినవాళ్ల పక్షానే చెయ్యెత్తింది.

కాకపోతే ఒక షరతు పెట్టింది. పక్క తలుపు వాడాలంటే ప్రమాదాల అంచనా పత్రం నింపాలి, నాలుగు పేజీలు. శనివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర డారెన్ దానితో కుస్తీ పడ్డాడు.

"ఈ మార్పు ఉద్దేశం ఏమిటి అని అడిగారే," అన్నాడు.

"తలుపు తెరుచుకోవడం," అంది జోడీ, రొట్టె కాలుస్తూ.

రాశాడు. "దాని వల్ల ఎవరికి ఇబ్బంది కలగొచ్చు అట."

"రాయి. మార్కులు తప్పుగా చూసే పంతుళ్లకి."

అది కూడా రాశాడు. పత్రం వారంలో ఆమోదమై వచ్చింది. నాలుగు పేజీల మీదా సంతకాలున్నాయి. ఏ ఒక్కరూ చదివిన జాడ మాత్రం లేదు.