తోలు సీటు, సర్జన్ ముడి

2006 వేసవిలో నన్ను పెద్దమందడి దగ్గర ఒక ఊరి పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. అసిస్టెంట్ అంటే ఎవరికి అసిస్టెంటో నా సర్వీసు మొత్తంలో అర్థం కాలేదు, ఎందుకంటే ఆస్పత్రిలో డాక్టరును నేనొక్కణ్ణే. నా పైన వనపర్తిలో అసిస్టెంట్ డైరెక్టరు, ఆయన పైన జిల్లాకంతా జాయింట్ డైరెక్టరు, మా నోట జె.డి. గారు. నా కింద ఉన్నది ఒక్కడే, అటెండరు యేసోబు. కాంపౌండరు పోస్టు ఖాళీ. డ్రైవరు పోస్టు అసలు మంజూరే కాలేదు.

డ్రైవరు లేకున్నా బండి మాత్రం ఇచ్చారు. గొర్రెల టీకాల కోసం వచ్చిన చిన్న పికప్పు అది. ముందర రెండు సీట్లు, వెనక మందుల పెట్టెలు పెట్టుకునే తొట్టి. నేనే నడిపేవాణ్ణి. నడపడమంటే తాళం తిప్పి గేరు వేయడం వరకే. పొద్దున్నే నీళ్ళు, ఆయిలు చూడటం యేసోబు పని. ముందు బానెట్ లేని ఆ బండికి ఇంజను ఎక్కడుందో, అతను నీళ్ళు ఎక్కడ పోస్తున్నాడో నేనెన్నడూ వంగి చూడలేదు. సర్జనుకు బర్రె లోపల ఏముందో తెలిస్తే చాలని నా ధీమా.

నేను చేరిన రెండో నెలలో జె.డి. గారు తనిఖీకి వచ్చారు. నడుం నొప్పి మనిషి, నిదానంగా మాట్లాడతారు. టీకాల రిజిస్టరు చూసి బాగుందన్నారు. తర్వాత పికప్పులో ఎడమ సీటు మీద కూర్చుని పక్క ఊరికి వెళ్ళొచ్చి దిగుతుంటే, చిరిగిన రెగ్జిన్‌లోంచి పొడుచుకొచ్చిన స్ప్రింగు ఆయన ప్యాంటును వెనక జానెడు మేర చీల్చింది. ఆయన నా తువ్వాలు అడిగి తీసుకుని, నడుముకు చుట్టుకుని జీపెక్కి వెళ్ళిపోయారు. అరిచి ఉంటే బాగుండేది. మళ్ళీ రెండు నెలలకు ఖిల్లా ఘణపూర్‌లో పశువైద్య శిబిరం ఉందనీ, ఆ బండిలోనే వస్తాననీ కబురు పెట్టారు.

సీటు బాగు చేయించాలంటే మూడు దుకాణాల కొటేషన్లు జతచేసి పై ఆఫీసుకు రాయాలి. నాకు తెలిసి వనపర్తిలో సీట్లు కుట్టే దుకాణం అప్పుడు ఒక్కటే. మిగతా రెండు దుకాణాలు ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూసే ఓపిక నాకు లేకపోయింది. అదే సమయంలో హైదరాబాదులో ఉన్న మా బావమరిది తన పెద్ద జీపు అమ్మేసి, దానికోసం కొన్న అసలైన తోలు సీటు కవర్లు నాకు పంపాడు. వాడని కవర్లు, ముదురు గోధుమ రంగు. వాటితోపాటు ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. ఎవరి సాయమూ లేకుండా గంటలో మీరే అమర్చుకోవచ్చని అందులో ఉంది. నాకు రెండు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం యేసోబును కూడా రమ్మన్నాను. చర్చి నుంచి నేరుగా, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, పదో తరగతి పాసై ఈ ఉద్యోగం సంపాదించుకున్నవాడు. నేను కవర్లు అతని ముందు పరిచి, తోలు పని కదా నీకు తెలిసే ఉంటది, నువ్వే మొదలుపెట్టు అన్నాను. ఎందుకు తెలిసి ఉంటుందని నేను అనుకున్నానో ఈ ప్రాంతపు పాఠకులకు వివరించాల్సిన పని లేదు. ఆ మాట అంటున్నప్పుడు నాకు ఏమాత్రం తప్పుగా తోచలేదు. పైగా అతనికొక గౌరవం ఇస్తున్నాననే అనుకున్నాను.

యేసోబు కవర్లను ముట్టుకోలేదు. "మా తాత చేస్తుండెనంట సార్. నేను చూడలే. నాకు తెల్వదు," అన్నాడు. వరండాలోకి పోయి ఓ.పి. రిజిస్టరు ముందేసుకుని గీతలు కొట్టుకుంటూ కూర్చున్నాడు. నేను దాన్ని సోమరితనం కింద జమకట్టాను.

ఇక నేనే పూనుకున్నాను. పని తీరు చెబుతాను, ఎవరికైనా పనికొస్తే సంతోషం. తోలు కవరును ముందు గంటసేపు ఎండలో పరవాలి, మెత్తబడుతుంది. వీపు భాగానికి పైనుంచి, దిండుకు గలీబు తొడిగినట్టు తొడగాలి. అరచేత్తో నడిమి నుంచి అంచులకు నిమురుతూ ముడతలు తీయాలి. కూర్చునే భాగానికి వెనకవైపు ఒక నాలిక లాంటి పట్టీ ఉంటుంది, దాన్ని వీపుకూ సీటుకూ మధ్య సందులోంచి అవతలికి గుంజాలి. చివరికి కవరు అంచులకున్న కొక్కేలను సీటు అడుగునున్న చట్రానికి తగిలించాలి. కాగితం ప్రకారం అంతే.

కానీ అది పెద్ద జీపు కవరు. మా సీటు మీద అది, అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు జారిపోయింది. కొక్కేలు గాలిలో వేలాడాయి. అదనపు తోలును లోపలికి మడిచి వంకర సూదితో కుట్టాను. ఆ కుట్లు చూసుకుని నేను నిజంగానే మురిసిపోయాను. ఇక అడుగున బిగించడానికి, గర్భసంచి బయటికి జారిన బర్రెలకు కుట్టు వేసే వెడల్పాటి నైలాన్ టేపు బీరువాలో ఉంటే తీశాను. కవరు నాలుగు మూలలా టేపు దూర్చి, సీటు కింద కనబడిన ఇనుప కడ్డీలకు గట్టిగా కట్టేశాను. వేసింది సర్జన్ ముడి. మామూలు ముడిలో దారం ఒకసారి తిరిగితే ఇందులో మొదటి మెలిక రెండుసార్లు తిరుగుతుంది, ఎంత గుంజినా జారదు. ఆ కడ్డీలు సీటువి కావు, బండివని నాకు తెలియదు.

రెండో ఆదివారం ఆ చివరి ముడులు వేస్తుంటే యేసోబు వచ్చి, వంగి సీటు కిందికి ఒకసారి చూశాడు. "గిది గిట్లనే కడ్తరా సార్?" అని అడిగాడు. కాగితంలో గట్లనే ఉంది అన్నాను. కాగితంలో అలా లేదు. సోమవారం పొద్దున మళ్ళీ వచ్చి, నీళ్ళు చూడాలంటే సీటు లేపాలని ఏదో చెప్పబోయాడు. జె.డి. గారు వచ్చి పోయేదాకా సీటు జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. సరే సార్ అని వెళ్ళిపోయాడు.

బుధవారం జె.డి. గారు వచ్చారు. సీటును చూసి, చేత్తో తడిమి, జాగ్రత్తగా కూర్చుని, తృప్తిగా తల ఊపారు. యేసోబు ఎప్పుడూ కూర్చునే చోటది. ఆ రోజు అతను వెనక తొట్టిలో మందుల పెట్టెల మధ్య కూర్చున్నాడు.

ఖిల్లా ఘణపూర్ దారిలో ఒక మలుపు దగ్గర ఒకామె చెయ్యెత్తి బండి ఆపింది. పేరు చెన్నమ్మ. ఆమె ఊరు అక్కణ్ణుంచి మట్టిరోడ్డున లోపలికి ఆరు కిలోమీటర్లు. "బర్రె పొద్దటి సంది తిప్పలు పడ్తుంది సారు. దూడ కాళ్ళు కనబడ్తున్నయి, తలకాయ లేదు," అంది. భర్త పూనాలో మట్టి పనికి పోయాడట, ఇంటికాడ ఆ బర్రె పాల మీదే ఆమె, అత్త బతుకుతున్నారట. నేను జె.డి. గారి వైపు చూశాను. శిబిరం ఎక్కడికీ పోదు, పోనివ్వండి అన్నారు ఆయన. చెన్నమ్మ తొట్టిలో యేసోబు పక్కన కూర్చుంది.

మట్టిరోడ్డు గుట్ట ఎక్కుతుండగా కాళ్ళ దగ్గర వేడి తెలిసింది. జె.డి. గారు ఒకటి రెండుసార్లు ఇటూ అటూ కదిలారు. కొత్త తోలు కదా, కొంచెం వేడిగానే ఉంటుందని సర్దిచెప్పాను. ఇంతలో వెనకనుంచి యేసోబు క్యాబిన్ మీద దబదబా కొట్టాడు. బండి ఆపేసరికి సీటు కింద నుంచి ఆవిరి బుస్సుమని వస్తోంది. జె.డి. గారు నడుం నొప్పి సంగతి మరిచిపోయి కిందికి దూకారు. ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు. మరో బండి వచ్చే దారి కాదు.

యేసోబు వచ్చి చెవి పెట్టి విన్నాడు. "నీళ్ళ పైపు పగిలింది. సీటు లేపాలె," అన్నాడు. ఇంజను సీటు కిందే ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే. కొక్కెం తీసి గుంజితే సీటు మూతలా పైకి లేవాలి. లేవలేదు. దాన్ని నేను బండికి కట్టేశాను. ముడులేమో లోపల, కాలుతున్న ఇనుముకు ఆనుకుని ఉన్నాయి, చెయ్యి పెట్టే వీలు లేదు. మీరు వేసిన ముడి మీరే విప్పలేరా డాక్టర్ అని జె.డి. గారు చాలా మర్యాదగా అడిగారు. విప్పలేను సార్ అన్నాను. సర్జన్ ముడి గొప్పతనమే అది.

కిట్టులోంచి ఆపరేషన్ బ్లేడు తీసి, రెండు ఆదివారాలు కుట్టిన తోలును అంచు వెంబడి కోశాను. నాలుగు మూలలా నాలుగు కోతలు. చెన్నమ్మ పక్కనే నిలబడి, ఇంక ఎంతసేపు సారు అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగకుండా గట్టు మీద కూర్చుని ఊరి వైపు చూడసాగింది. నాకు ఆ మనిషి ముఖం చూడటానికి సిగ్గేసింది.

సీటు లేచాక ఇంజను చల్లబడే దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత యేసోబు రబ్బరు పైపు మీద పగులు వెతికి పట్టాడు. కోసిన కవరులోంచి జానెడు తోలు ముక్క అడిగి తీసుకుని పగులు చుట్టూ చుట్టాడు. టేపు ముక్క నా చేతికిచ్చి, "ఇప్పుడు వెయ్యుండ్రి సార్ మీ ముడి. గిది జారొద్దు," అన్నాడు. వెటకారం లేదు, పని తెలిసిన మనిషి మాట. ముడి వేశాను. జె.డి. గారు తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ క్యాను పూర్తిగా పోశాం. అంతా కలిపి యాభై నిమిషాలు.

బర్రె పాకలో పడుకుని ఉంది. దూడ ముందరి కాళ్ళు బయటికి వచ్చాయి, తల మాత్రం వెనక్కి మడతపడి పక్కటెముకల వైపు తిరిగి ఉంది. ఇలాంటప్పుడు గుంజకూడదు. దూడను ముందు లోపలికి నెట్టి జాగా చేసుకోవాలి, దవడకు తాడు వేసి తలను దారికి తేవాలి, తర్వాత బర్రె ముక్కినప్పుడే లాగాలి. యేసోబు నా కన్ను చూసి తాడు లాగాడు, నా కన్ను చూసి ఆపాడు. అరగంటకు దూడ బయట పడింది. చనిపోయి ఉంది. కనుపాప మీద ఇంకా మసక రాలేదు, అంటే పోయి ఎక్కువసేపు కాలేదు. జె.డి. గారు చేతి గడియారం చూసుకున్నారు. బర్రె మటుకు దక్కింది.

చెన్నమ్మ ఏడవలేదు. ఆమె దిగులంతా పాల మీద ఉంది. దూడ లేకపోతే బర్రె చేపదు, అంటే పాలు పొదుగులోకి వదలదు. దానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. చచ్చిన దూడ తోలు ఒలిచి, ఉప్పు రాసి, లోపల గడ్డి కూరి కుట్టి, బర్రె ముందు నిలబెడతారు. అది దాన్ని నాకుతూ పాలిస్తుంది. చెన్నమ్మ తొట్టిలో వస్తున్నప్పుడే యేసోబు పేరు అడిగి తెలుసుకుంది. పేరును బట్టి ఆమె కూడా నేను అనుకున్నదే అనుకుంది. "ఊర్లె చేసెటోళ్ళంత బొంబాయి పోయిండ్రు. నువ్వు జర ఒలిచి కుట్టియ్యి అన్నా," అంది.

యేసోబు చేతులు కడుక్కుంటూ, తల తిప్పకుండా చెప్పాడు. "నాకు రాదమ్మా. సార్‌కు వస్తది. తోలు మంచిగ కుడతడు."

అది నిజం. పోస్టుమార్టం పేరుతో నేను ఎన్ని పశువుల తోళ్ళు ఒలిచానో లెక్కలేదు. దాన్ని పోస్టుమార్టం అంటే డాక్టరు పని, తోలు ఒలవడం అంటే ఇంకొకరి పని. కత్తి ఒకటే. పాక ముందు గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. ఊళ్ళోవాళ్ళు పదిమంది చుట్టూ చేరి చూశారు. నా ఇంటిపేరు తెలిసిన ఒక పెద్దాయన, మీరు చేసేదేంది సారు, ఎవర్నన్న పిలుస్తం అన్నాడు. పిలవడానికి ఎవరూ లేరని చెన్నమ్మ అంది. సీటుకు వాడిన వంకర సూదితోనే కుట్టాను. గడ్డి కూరిన ఆ దూడను బర్రె ముందు పెడితే కాసేపు వాసన చూసి నాకడం మొదలుపెట్టింది. చెన్నమ్మ చెంబు తెచ్చి పొదుగు కింద కూర్చుంది. శిబిరం అప్పటికి ముగిసిపోయింది.

తిరుగు ప్రయాణానికి బండి దగ్గరికి వస్తే ఎడమ సీటు మీద స్ప్రింగు మళ్ళీ బయటికి చూస్తోంది. జె.డి. గారు ఈసారి వెంట తెచ్చుకున్న తువ్వాలు మడిచి దాని మీద వేసుకుని కూర్చున్నారు. కట్టు కట్టిన పైపుతో గుట్ట దించడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ మాట పైకే అన్నాను. నేను పోనిస్త సార్ అన్నాడు యేసోబు. నీకు బండి నడపడం వచ్చా అని అడిగాను. పూనాలో ఆరేళ్ళు లారీ నడిపాడట, అంతకు ముందు అదే లారీకి క్లీనరట, లైసెన్సు జేబులోనే ఉందట. నాలుగు నెలలుగా ఒక్కనాడూ చెప్పలేదేమని అడిగాను.

"మీరు తోలు సంగతే అడిగిండ్రు సార్," అన్నాడు.

నేను తొట్టిలో మందుల పెట్టెల మధ్య కూర్చున్నాను. అతను బండిని గుంతల్లోంచి నూనెలో దించినంత మెత్తగా దించాడు. మరుసటి వారం జె.డి. గారు, డ్రైవరు పోస్టు మంజూరయ్యేదాకా బండి బాధ్యత అటెండరు యేసోబుదేనని రెండు వాక్యాల ఉత్తర్వు పంపారు. సీటు గురించి అందులో ఏమీ లేదు.

తర్వాత ఉప్పునుంతల వైపూ, గద్వాల వైపూ ఇంకా నాలుగు చోట్ల పనిచేశాను. ఎక్కడ చేరినా మొదటి రోజు సిబ్బందిని ఒక్కొక్కరినే పిలిచి, మీకు ఏ పని వచ్చు అని అడిగేవాణ్ణి. ఎవరి మనవడివని అడగలేదు. వచ్చిన జవాబుల్లో వాళ్ళ పోస్టుకో, పేరుకో సరిపోయినవి చాలా తక్కువ. చెప్పడానికి ఇంత చిన్న సంగతి ఇది. నాకు తెలియడానికి ఒక సీటు, ఒక దూడ ఖర్చయ్యాయి.