సమాధుల తోటకు దారి

నా భర్త విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేసేవాడు. ఆయన్ను ఈ వానాకాలంలో సమాధి చేశాం. మా వాడ నుంచి సమాధుల తోటకు పాత బండ్ల బాట ఒక్కటే దారి. ఇప్పుడు దాని మీద విల్లాల వెంచరు గేటు ఉంది. ఆ రోజు గేటు తెరవలేదు. శవపేటికను చూస్తే లోపలి పిల్లలు భయపడతారట. ప్రహరీ వెనక మురికికాలువ గట్టు మీదుగా మోశారు. బురదలో మా మరిది జారి మోకాళ్ల మీద పడ్డాడు. పేటిక ఒక పక్కకు ఒరిగిపోయింది.

నేను సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. సెలవు ముగిసి వెళ్లేసరికి తొమ్మిదో తరగతికి పౌర హక్కుల పాఠం మిగిలి ఉంది. పుస్తకంలో ఎక్కడ చూసినా 'ఒకప్పుడు' అనే మాటే. ఒకప్పుడు కొందరిని ఊరి వీధిలో చెప్పులతో నడవనిచ్చేవారు కాదు. ఒకప్పుడు చెరువు నీళ్లు ముట్టనిచ్చేవారు కాదు. ఆ 'ఒకప్పుడు' ఎప్పుడు ముగిసిందో, ఎవరు ముగించారో పుస్తకం చెప్పదు. పుస్తకం మూసేశాను.

అమెరికాలో నల్లజాతివాళ్లు, బస్సుల్లో తమను అవమానిస్తున్నందుకు బస్సెక్కడమే మానేసి పనులకు నడిచివెళ్లిన సంగతి చెప్పాను. ఒకమ్మాయి లేచింది. వాళ్లమ్మ ఆ విల్లాల్లోనే ఇంటిపని చేస్తుంది.

"గట్ల ఎన్ని దినాలు నడిచిన్రు మేడం?"

"ఏడాది పైనే."

"అబ్బో! మా అమ్మ ఒక్క దినం పోకుంటేనే ఆ ఆంటీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తది."

తరగతంతా నవ్వింది.

మరునాడు హెడ్మాస్టరు పిలిచారు. "అమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ పాఠాన్ని పాఠంలాగే చెప్పండి. ఆ గేటు గొడవ క్లాసులోకి తేకండి."

నేను గేటు మాట ఎత్తనే లేదు. చరిత్ర ఎక్కడో దూరాన జరిగినంతవరకే వీళ్లకు ముద్దు.

నవంబరులో సమాధుల పండుగ వస్తుంది. ఆ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆయన సమాధికి ఇదే మొదటి సున్నం. ఆ గట్టు మీద మళ్లీ కాలు పెట్టకూడదని, బాట మీదుగానే పోవాలని నిశ్చయించుకున్నాను. ముందురోజు కాపలా అతన్ని అడిగాను. అతనిదీ మా వాడే.

"ఇండ్లల్ల పనికి పోతున్న అని చెప్పక్కా, పంపిస్త. సున్నం బకెట్ తోని అంటే నా నౌకరి పోతది."

అతని మీద నాకు కోపం రాలేదు. మా ఆడవాళ్లు రోజూ ఆ గేటులోంచే వెళ్లి వాళ్ల అంట్లు తోముతారు, వాళ్ల పిల్లల్ని ఎత్తుకుంటారు. అప్పుడు ఎవరూ భయపడరు. మా చావు చూస్తేనే వాళ్లకు భయం.

పండుగనాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆ ఆడవాళ్లంతా సున్నం బకెట్లతో గేటు ముందు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ పనికి పోలేదు. క్లాసులో లేచి అడిగిన ఆ అమ్మాయి పాఠం ఇంట్లో చెప్పిందని అర్థమైంది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

"ఎత్తకే! గిన్నెలు జర నాననియ్యి, మాడు మంచిగ వదుల్తది," అంది ఒకామె.

విల్లాల సంఘం కార్యదర్శి బయటికి వచ్చి నన్ను గుర్తుపట్టాడు. "మీరు టీచరు కదా, మీరైనా వీళ్లకు చెప్పండి."

"నేను చెప్పిన పాఠమేనండీ ఇది."

ఆయన లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. "మానవత్వంతో ఈ ఒక్కరోజుకు తెరుస్తున్నాం," అన్నాడు.

మానవత్వమట! మా తాతలు నడిచిన బాట మీద మమ్మల్ని ఒక్కరోజు నడవనివ్వడం మానవత్వమట.

సమాధి చుట్టూ పేర్చిన ఇటుకలకు సున్నం వేశాను. ఆయనతో రెండు మాటలు చెప్పుకోవాలని వెళ్లినదాన్ని. కోపం తప్ప ఇంకేమీ పైకి రాలేదు. ఆ కాసేపు కూడా నాకు మిగలనివ్వలేదు వాళ్లు.

తిరిగి వస్తుంటే ఆ అమ్మాయి తల్లి నా పక్కన నడిచింది.

"రేపు పనికి పోతవా?" అని అడిగాను.

"రేపు మా వాడల ఎవరన్న సస్తే గేటు తీస్తరా, జర అడుగుర్రి మేడం. తీస్తమని అంటేనే పోత."

కార్యదర్శి ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నా బకెట్టు ఆమె చేతికిచ్చి ఆయన దగ్గరికి నడిచాను.