పులిపిర్ల సౌందరరాజన్

సౌందరరాజన్ మనిషి ముఖం చూడడు, చేతులు చూస్తాడు. వాటి మీద పులిపిరి కనబడిందా, కన్నబిడ్డను చూసినట్టు మురిసిపోతాడు. పెళ్ళిచూపుల్లో కల్యాణవల్లి చేతులు తిప్పి తిప్పి చూసి, "ఒకటి గూడా లేదే" అని నిట్టూర్చిన ఘనుడు.

తిరుపతిలో లెక్చరరుగా ఉంటూ, ఎనభై మూడులో ఆయన చేస్తున్న పరిశోధనే అది. పులిపిర్లు పుట్టించే వైరస్ డీఎన్ఏను తునకలు చేసి, ఏ తునక పక్కన ఏది ఉందో పటం గీయడం. ఆ డీఎన్ఏ గాజులా గుండ్రంగా ఉంటుందట. అన్నం తింటూ కూడా కంచం పక్కన నీళ్ళతో ఆ గాజే గీసేవాడు.

"నాకు గాజులు తెచ్చి రెండేండ్లయింది. ఆ పురుగుకు మాత్రం పూటకొకటా?" అనేది కల్యాణవల్లి.

"పురుగు గాదు కల్యాణీ, వైరస్."

"ఏదయితే ఏమి, నాకు సవతే గదా."

వైరస్‌తో ఎలాగో సర్దుకుంది. అసలు సవతి తర్వాత వచ్చింది. గాంధీ రోడ్డులో పూలమ్మే మునిరత్నమ్మ. ఆయన రోజూ ఆమె దగ్గర నాలుగు మూరల మల్లెలు తెచ్చి, "ఏమి చేతులు కల్యాణీ, వేలు వేలుకూ పులిపిర్లే" అని మెచ్చుకునేవాడు. ఆ మల్లెలు పెట్టుకుంటే కల్యాణవల్లికి తల మండేది. అయినా పరిశోధన కోసమే కదా అని ఓర్చుకుంది.

ఒకరోజు ఆయనతో పనిచేసే సంపత్కుమార్ ఇంటికొచ్చి, "తీపి పెట్టలేదే వదినా? పటం పోయిన నెలే అయిపాయ గదా" అన్నాడు.

"మరి ఆ పూలామె చేతులతో ఇంకేం పని?"

"మాకైతే ఏమీ లేదు."

ఆ సాయంత్రమే కల్యాణవల్లి గాంధీ రోడ్డుకు వెళ్ళింది. సౌందరరాజన్ నిజంగానే మునిరత్నమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. అదీ నలుగురి మధ్య. కల్యాణవల్లి చెంగు దోపుకుని ముందుకు నడిచింది.

"చూడండమ్మా," ఆయన పూల బుట్ట చుట్టూ నిలబడిన ఆడవాళ్ళకు చెబుతున్నాడు. "ఏడాదిగా ఈ చెయ్యి పట్టుకుంటా ఉండాను, నాకొకటన్నా వచ్చిందా? పూలతో అంటుకునేది గాదిది. తీసుకోండి."

కల్యాణవల్లి ఎవరో తెలియని మునిరత్నమ్మ, ఆమెకూ పూలు చూపించింది. "నా చేతులు సూసి ఎవురూ కొనేవాళ్ళు కాదమ్మా. సారు వచ్చి ఇట్ల నిలబడితేనే బుట్ట ఖాళీ అయితాది. వాళ్ళింటామె పుణ్యాత్మురాలు, దినమూ నాలుగు మూరలు పెట్టుకుంటాదంట."

కల్యాణవల్లి దోపుకున్న చెంగు విప్పేసింది. మునిరత్నమ్మ రెండో చెయ్యి తాను పట్టుకుంది.

"ఆరు మూరలియ్యి," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "రేపట్నించి ఈడికి నేనొస్తాను. మీరు ఇంట్లో ఉండండి."

"నీకెందుకు కల్యాణీ శ్రమ?"

"శ్రమే. మీరీ చెయ్యి పట్టుకునేదాని కంటే అదే మేలు."