చదవడం మర్చిపోయిన సర్వరు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నాకున్నంత ధైర్యం ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ లేదు. ఇప్పుడైతే సర్వర్ మీద చిన్న మార్పు చేయాలన్నా ముందు రోజు నుంచే పదిసార్లు సరిచూసుకుంటాను. ఆ రోజుల్లో అలా కాదు, ఏ కమాండ్ ఏం చేస్తుందో సగమే తెలుసు కాబట్టి నిండు ధైర్యంతో కొట్టేదాన్ని. నరసరావుపేటలో ఒక మందుల షాపు పక్కన ఇరుకు మెట్లెక్కితే వచ్చే ఒకే ఒక్క గది మా ఆఫీసు. అందులో మా సారు, నేను, రెండు కంప్యూటర్లు, తిరగడానికి మొహమాటపడే ఒక ఫ్యాను. మా అమ్మ చుట్టాలందరికీ ‘మా పిల్ల సర్వర్లు చూసుకునే పనిలో చేరింది’ అని చెప్పుకుంది. మా మేనత్త చానాసేపు ఆలోచించి, ‘ఏ హోటల్లోనే?’ అని అడిగింది. (ఇడ్లీ తెచ్చిపెట్టే సర్వరు తప్ప ఇంకో సర్వరు ఉంటుందని ఆవిడకేం తెలుసు పాపం! ఆ రోజు ఆవిడ మీద అలిగాను గానీ, ఆ తర్వాత నేను చేసిన పని చూస్తే హోటలే నయమనిపిస్తుంది.)

మాకున్న కొద్దిమంది ఖాతాదారుల్లో నాకు ఇష్టమైనవాడు వైండింగ్ బాబాయ్, రైతులకి భాయ్. బస్టాండ్ వెనక వీధిలో ఆయన షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి, మళ్ళీ తిరిగేలా చేసి ఇస్తాడు. మిరప తోటలకి తడి పెట్టే రోజుల్లో కరెంటు ఎగుడుదిగుడై మోటార్లు వరసగా కాలేవి. బెల్లంకొండ నుంచీ, ముప్పాళ్ళ నుంచీ, గురజాల నుంచీ రైతులు మోటారు తెచ్చి పడేసి, అయిందో లేదో తెలియక రెండు రోజులకోసారి బస్సెక్కి వచ్చి చూసి పోయేవాళ్ళు. ఆ తిరుగుడు తప్పించడానికి బాబాయ్ మా దగ్గర ఒక అప్లికేషన్ చేయించుకున్నాడు. రైతు తన ఫోన్లో చీటీ నంబరు కొడితే పేజీ మీద ఒక రంగు వస్తుంది. ఎరుపు వస్తే మోటారు ఇప్పుడే విప్పినట్టు, పసుపు వస్తే తీగ చుడుతున్నట్టు, ఆకుపచ్చ వస్తే బస్సెక్కమని. అంతే. నా చేత్తో నేను మొదటి నుంచి చివరిదాకా రాసిన మొదటి పని అది. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నంటే, పని లేకపోయినా రోజుకి పదిసార్లు తెరిచి ఆకుపచ్చ రంగు చూసుకునేదాన్ని.

ఒకరోజు సారు గుంటూరు వెళ్తూ, ‘సర్వర్ బరువెక్కినట్టుంది, అక్కర్లేని మాడ్యూల్స్ ఏమన్నా ఉంటే తీసెయ్యమ్మా’ అన్నారు. అటకెక్కి పాత సామాను దులిపే ఉత్సాహంతో కూర్చున్నాను. వెబ్ సర్వర్‌కి అనుబంధంగా తగిలించి ఉండే ముక్కల్నే మాడ్యూల్స్ అంటారు. మా అప్లికేషన్ పీహెచ్‌పీ అనే భాషలో రాసింది. సర్వర్‌కి తనంతట తనకి ఆ భాష రాదు, చదివి పేజీగా మార్చి ఇచ్చే మాడ్యూల్ ఒకటి దాని పక్కన ఉండాలి. నాకు ఆ జాబితాలో పీహెచ్‌పీ పాత వెర్షన్ మాడ్యూల్ కనపడింది. కొత్త వెర్షన్ ఉందా అని కమాండ్‌లో అడిగితే, ఉన్నానంది. కొత్తది ఉండగా పాతదెందుకని తీసిపారేశాను. ఆ కొత్తది కమాండ్ల కోసం మాత్రమే పెట్టిందనీ, వెబ్ సర్వర్‌తో దానికి ముఖపరిచయం కూడా లేదనీ నాకు తెలియదు. సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టి, నా కంప్యూటర్లో పేజీ తెరిచి చూశాను. ఆకుపచ్చ రంగు చక్కగా వచ్చింది. (నా బ్రౌజర్ అంతకుముందే దాచి ఉంచుకున్న పాత పేజీ అది. నన్ను సంతోషపెట్టడానికి అబద్ధమాడింది.) కాలు మీద కాలేసుకుని టీ చెప్పాను.

టీ రాకముందే బాబాయ్ ఫోను వచ్చింది.

“అమ్మాయ్, పేజీలో రంగు రాట్లేదంట, ఏందో పెద్ద ఉత్తరం వస్తందంట. ముగ్గురు ఫోన్ చేశారు.”

నా ఫోన్లో తెరిచి చూసి నిలువునా చల్లబడ్డాను. పేజీ బదులు నేను రాసిన కోడ్ మొత్తం, పై నుంచి కింద దాకా, ఊరందరి ముందూ ఆరేసినట్టు ఉంది. కోడ్ కనపడితే కనపడింది, రైతులకి దానితో పనేముంది అనుకోవచ్చు. అసలు గొడవ అది కాదు. కోడ్ రాసేటప్పుడు మధ్య మధ్యలో మనకోసం మనం గుర్తులు రాసుకుంటాం. వాటిని మాడ్యూల్ చదివి వదిలేస్తుంది, పేజీలోకి రానివ్వదు. ఆ నమ్మకంతో నేను తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో, ఫోన్లో కబుర్లు రాసుకున్నట్టు, నోటికొచ్చిందల్లా రాసుకున్నాను. ‘బాబాయ్ రంగు మళ్ళీ మార్చమన్నాడు. ఇది ఐదోసారి. ఆకుపచ్చ కాదంట, మిరపాకు పచ్చంట.’ ‘ఈ ముక్క ఏం చేస్తుందో సారుకి తెలియదు. నాకూ తెలియదు. తీస్తే అంతా ఆగిపోతుంది, ఎవరూ ముట్టుకోవద్దు.’ ‘ఆకలేస్తోంది.’ ఇలాంటివి. వాటి కింద, చివర్లో, ఇంకొకటి ఉంది. అది గుర్తొచ్చేసరికి కుర్చీ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

వెంటనే నెట్లో వెతికాను. ఎవరో మహానుభావుడు, ‘కాన్ఫిగరేషన్‌లో ఈ ఒక్క వరుస చేర్చండి, సర్దుకుంటుంది’ అని రాశాడు. (దాని కింద ఇంకొకాయన ‘నాకు ఇంకా చెడిపోయింది’ అని రాశాడు. కిందికి జరిపి చూసే తీరిక నాకేది?) చేర్చాను. పేజీలో కోడ్ మాయమైంది. హమ్మయ్య అనుకునేలోగా, ఫోన్ ఆ కోడ్‌ని ఫైలుగా దించుకుని దాచుకోవడం మొదలుపెట్టింది. అంటే అప్పటిదాకా చూసి మర్చిపోయే అవకాశం ఉన్న నా ఘనకార్యం, ఇప్పుడు పేజీ తెరిచిన ప్రతివాడి ఫోన్లోనూ శాశ్వతంగా కాపురం పెడుతోంది. పొద్దున నేను తీసిన మాడ్యూల్ వల్లే ఇదంతా అని మాత్రం అనుమానం రాలేదు. తీశాక చూశాను గదా, బాగానే వచ్చింది గదా! (అనుమానం వచ్చే ఉంటుంది. నేనే లోపలికి రానిచ్చి ఉండను.)

అరగంటకి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బాబాయే. చేతులకింకా వార్నిష్ మరకలున్నాయి, పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. కుర్చీలో అంచున కూర్చున్నాడు.

“ఏమైందమ్మా దీనికి?”

“సర్వర్‌కి చదవడం రావట్లేదు బాబాయ్,” అన్నాను, తేలిగ్గా చెప్పాలని. “అందుకని రాసింది రాసినట్టు అందరికీ ఇచ్చేస్తోంది.”

“చదవడం రాకపోతే నోరు మూసుకుని దాచుకోవాల గానీ, అందరికీ చూపిచ్చుకోడం ఏంది?” అన్నాడాయన.

నేను నాలుక కొరుక్కున్నాను. ఆయన గమనించలేదు. జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

“ఇందులోకి గూడా వచ్చింది చూడు. ఫోన్ చేసినోళ్ళందరూ ముందు నవ్వతన్నారు. చదవతా చదవతా ఆఖర్న ఆగిపోతన్నారు. ఏముందయ్యా అంటే, ఏం లేదులే భాయ్ అని పెట్టేస్తన్నారు. ఏముందో చదువు తల్లీ. నాకు ఈ సన్న అక్షరాలు ఆనట్లేదు.”

చదివాను. మిరపాకు పచ్చ దగ్గర ఆయన గట్టిగా నవ్వాడు. “అవును మరి, మామూలు పచ్చకీ దానికీ తేడా లేదా?” అన్నాడు. సారుకి తెలియదన్న దగ్గర ఇంకా నవ్వాడు. ‘కాలిపోయింది అని రాయొద్దంట, రైతు గుండె ఆగిపోద్దంట, విప్పాం అని రాయాలంట’ అన్నది చదివితే తలూపి, “కరెక్టుగా రాశావు” అన్నాడు. ఆకలేస్తోంది కూడా చదివాను. తర్వాత ఆగిపోయాను.

“ఇంకా ఉంది గదా. వాళ్ళూ అక్కడే ఆగారు.”

లేదని చెప్పొచ్చు. ఆయనకి తెలిసే దారి లేదు. ఆ మాట నాకు తట్టింది కూడా. కానీ బస్టాండ్ వీధిలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అంటారు, ఆ రోజు ఆయన ముఖం ఎలా ఉంటుందో తలుచుకుంటే అబద్ధం నోట్లోనే ఆగిపోయింది. తల దించుకుని చదివాను.

‘బాబాయ్‌కి చదవడం రాదు. ఎవరికీ తెలియనివ్వడు. నాకు తెలుసని ఆయనకి తెలియదు. అందుకే అన్నీ రంగుల్లో పెట్టాను. ఎవరూ వీటిని తీసి అక్షరాలు పెట్టొద్దు.’

కింద మందుల షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు. ఆ మాటలన్నీ స్పష్టంగా వినపడ్డాయి. బాబాయ్ తన చేతులకేసి చూసుకుంటూ, గోటి పక్కన ఎండిన వార్నిష్‌ని నెమ్మదిగా గీకుతున్నాడు. అలా గీకుతూనే అడిగాడు.

“ఎప్పుడు కనిపెట్టావు?”

“మొదట రంగులు కాకుండా పేజీలో మాటలే పెడదామని, అవన్నీ కాగితం మీద రాసుకొచ్చి, సరిచూడమని మీకిచ్చాను గదా, ఆ రోజు. పొరపాటున కింద షాపు వాళ్ళ ఫ్రిజ్ రిపేరు బిల్లు ఇచ్చాను. మీరు శ్రద్ధగా చూసి, అంతా కరెక్టే అన్నారు.”

ఆయన తలెత్తాడు. “ఫ్రిజ్జు బిల్లా?”

“రెండో కాగితం ఇంకా బాగుందన్నారు.”

ఆయన భుజాలు ఊగడం మొదలైంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. ‘సారీ బాబాయ్, సారీ బాబాయ్’ అంటూ కీబోర్డు మీదకి వంగి వెక్కిళ్ళు పెట్టాను. ఆయన కంగారుపడి లేచి, ఎప్పుడో వచ్చి చల్లారిపోయిన టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

“ఏడిస్తే మోటారు తిరగదమ్మాయ్. ముందు పని చూడు. నిన్న నడిచింది గదా ఇది? ఇవాళ పొద్దున్నించి నువ్వు ఏం విప్పావు?”

“ఏం లేదు, ఒక పాత మాడ్యూల్...”

“అదే. మన చెయ్యి పడ్డ చోటు ముందు చూసుకోవాల. బాగుచేసేటప్పుడు మనమే చెడగొట్టామంటే మనసొప్పదు, లోకమంతా వెతుకుతాం. నేను ముప్పయ్యేళ్ళ నించీ అదే తప్పు చేస్తన్నా.”

నేను చేర్చిన వరుస తీసేసి, పొద్దున తీసిన పాత మాడ్యూల్ మళ్ళీ తగిలించి, సర్వర్ ఆపి మొదలుపెట్టాను. పట్టింది ఒక్క నిమిషం. ఈసారి నా కంప్యూటర్ని నమ్మకుండా బాబాయ్ ఫోన్లో తెరిచాం. రంగు వచ్చింది. మిరపాకు పచ్చ.

ఆయన ఇంకా ఫోన్ చేతిలో పట్టుకుని ఉండగానే అది మోగింది. చేతుల మరకల వల్ల స్పీకర్లో పెట్టాడు. ముప్పాళ్ళ నుంచి ఒక పెద్దాయన.

“భాయ్, పేజీ వచ్చిందిలే. రేపు వస్తా మోటారుకి.” పెద్దాయన గొంతు తగ్గించాడు. “ఇంకో మాట భాయ్. నాకూ రాదు. మా కోడలు చదివి చెప్పుద్ది. ఆమె దగ్గర తప్ప ఎవరి దగ్గరా అన్లేదు ఇన్నాళ్ళూ. నువ్వేం అనుకోమాక.”

“ఏం అనుకోను అన్నా. రా రేపు,” అన్నాడు బాబాయ్.

నేను కళ్ళు తుడుచుకుని కోడ్ తెరిచాను. నా రాతలన్నీ ఒక్కొక్కటే చెరిపేశాను. మిరపాకు పోయింది, సారు పోయారు, ఆకలి పోయింది. ‘ఇక మీ గురించి రాసింది ఒక్కటే’ అని ఆఖరిది చెరపబోతుంటే బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“రేపు నువ్వు పెళ్ళి చేసుకుని పోతావు. తర్వాతొచ్చినోళ్ళకి రంగులెందుకో తెలియాల గదా. తీసెయ్యి గానీ, నేను చెప్పింది రాయి.” గొంతు సవరించుకున్నాడు, కోర్టులో సాక్ష్యం చెప్పేవాడిలా. “రంగులు తీయొద్దు. చదువు రానోళ్ళు చానామంది చూస్తారు దీన్ని. నాతో కలిపి.”

రాశాను. ‘నాతో కలిపి’ దగ్గర ఆగి, “నిజంగా రాయమంటారా?” అన్నాను.

“రాయి. ఊరంతా చదివాక ఇంకేం దాస్తా?”

“అయితే ముప్పాళ్ళ పెద్దాయన్ని కూడా రాయనా?”

“ఛ! ఆయన్ని రాయమాక,” అన్నాడు కంగారుగా. “ఆయన ఊరికి చెప్పుకోలా. నాకు చెప్పుకున్నాడు.”

సాయంత్రం గుంటూరు నుంచి వచ్చిన సారుకి జరిగిందంతా చెప్పేశాను. ఆయన మండిపడి బాబాయ్‌కి ఫోన్ చేసి క్షమాపణ చెప్పబోతే, ‘నేనే రాయమన్నా సార్, పిల్లనేమీ అనమాకండి’ అన్నాడట. ఆఖర్న ఆయన చెప్పి రాయించిన మూడు ముక్కల మట్టుకే ఆ మాట నిజం. అయినా నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు నేను పనిచేసే చోట కోడ్‌లో గుర్తులు రాయడానికి కూడా నియమాలున్నాయి. ఇంగ్లీషులో, పొడిపొడిగా, ఎవరి ప్రస్తావనా లేకుండా రాస్తాను. అవి రేపు పొరపాటున బయటపడ్డా ఎవరూ నవ్వరు, ఎవరి గుట్టూ పోదు. అలాగే ఉండాలి, కాదనను. కానీ ఒక్కోసారి అలాంటి వరుస రాస్తూ మధ్యలో ఆగి, ఇది రేపు తెరిచి చూసేది ఎవరా అని ఊహించబోతాను. ఒక్క ముఖమూ కళ్ళ ముందుకి రాదు. అప్పుడు ఆ ఇరుకు గదిలో, ఆకలేస్తే ఆకలేస్తోందని రాసుకుంటూ, చూసే మనిషి కోసం రంగులు ఏరుతూ కూర్చున్న ఆ తిక్కపిల్ల గుర్తొస్తుంది. దాన్ని నేను పనిలో పెట్టుకునేదాన్నా అంటే, పెట్టుకునేదాన్ని కాదు. సర్వర్ దరిదాపులకి కూడా రానిచ్చేదాన్ని కాదు. అయినా దాన్ని తలుచుకుంటే కొంచెం అసూయగా ఉంటుంది.