మోచేతి కింద రెండు వాతలు

నా కుడిచేతికి మోచేతి కింద రెండు వాతలున్నాయి. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో పక్కపక్కనే పెట్టినవి. చిన్నప్పుడు, ఇంకా బడికి కూడా పోనప్పుడు, నాకు కామెర్లొచ్చాయి. నాయినమ్మ నన్ను చంకనేసుకుని, నర్సింహులపేట అవతల ఒక పల్లెలో కామెర్లకు కాల్చే మనిషి దగ్గరికి తీసుకెళ్లింది. కళ్లు పచ్చబడితే మా వైపు చాలామంది ముందు దవాఖానకు పోరు, చేతికి కాల్పిస్తారు. నేను బతికాను. కామెర్లు వాటంతటవే తగ్గుతాయని చదువుకున్నాక చెబితే, నాయినమ్మ నవ్వి ఊరుకుంది. మా ఊళ్లో నా ఈడు వాళ్లలో చాలామందికి ఇలాంటి వాతలు ఉన్నాయి కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోలేదు. పుట్టుమచ్చల లెక్కలో వేసుకున్నాం.

డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తెలియక తిరుగుతున్నప్పుడు జనగామ బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ చూశాను. మెడకు రుమాలు కట్టుకున్న అమ్మాయి, వెనక విమానం. ఎయిర్‌హోస్టెస్ కోర్సట. ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన ఆ ఇన్‌స్టిట్యూట్. దాన్ని పెట్టినాయన అంతకుముందు ప్లాట్లు అమ్మేవాడు. భూముల బేరం పడిపోయేసరికి విమానాల మీద పడ్డాడు. దేశం ఎదుగుతోందన్నాడు. చిన్న చిన్న ఊళ్లకు కూడా విమానాశ్రయాలు వస్తున్నాయన్నాడు. ఎడ్లను కొన్నట్టు విమానాలు కొంటున్నారని, వాటిలో నిలబడి పనిచేసే ఆడపిల్లలు దొరక్క కంపెనీలు పరేషాన్ అవుతున్నాయని చెప్పాడు. అవన్నీ అబద్ధాలైతే బాగుండేది, తిట్టి మరిచిపోయేదాన్ని. చాలావరకు నిజాలే. అదే నా కడుపుమంట.

నాయిన పత్తి అమ్మిన డబ్బు ఫీజు కింద కట్టాడు. ఊళ్లో ఎవరేమన్నా సరే, బిడ్డ ఇమానం ఎక్కుతదని చెప్పుకున్నాడు. రోజూ ఆటోలో, ఆ తర్వాత బస్సులో జనగామ పోయి వచ్చేదాన్ని. అక్కడ పాఠం చెప్పే మేడమ్‌కి మా మాటంటే నవ్వు. నేను 'గిట్ల' అంటే క్లాసుకంతా మళ్లీ అని వినిపించేది. ఒళ్లు మండిపోయేది. ఆ మంటతోనే ఆమెలా మాట్లాడటం నేర్చుకున్నాను. మెత్తగా నవ్వడం, చేతులు ముందు కట్టుకుని నిలబడటం, అడుగు సప్పుడు కాకుండా నడవడం, అన్నీ నేర్చుకున్నాను. ఇంటికొచ్చి నవ్వితే వదిన హడలిపోయి, జరమొచ్చిందా అని నుదురు పట్టి చూసింది.

మేడమ్ నా వాతల్ని మొదటి రోజే చూసింది. చూసి లోపలికి పోయి ఇన్‌స్టిట్యూట్ పెట్టినాయనతో ఏదో మాట్లాడి వచ్చింది. ఏం పర్లేదు, మేకప్ ఉంది కదా అంది. మేకప్ డబ్బా కూడా వాళ్లే అమ్మారు. ముఖం రంగులో ఉండే క్రీము రాసి, పైన పౌడరద్ది వాతలు కనబడకుండా చేయడం నేర్పారు. నేనెంత తెలివితక్కువ దాన్నంటే, అది కూడా చదువులో భాగమే అనుకున్నాను.

ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో జరిగింది. నాయిన నాతోపాటు మహబూబాబాద్‌లో రైలెక్కి వచ్చాడు. హోటల్ లోపలికి రానని గేటు బయట చెట్టు నీడన కూర్చున్నాడు. లోపల నా ఇంగ్లీషు బాగుందన్నారు. ఎత్తు సరిపోయింది. నవ్వమన్నారు, నవ్వాను. గోడ మీద గీసిన గీతను చెయ్యెత్తి అందుకోమన్నారు, అందుకున్నాను. ఉద్యోగం వచ్చేసిందనే అనుకున్నాను, నిజంగా. చివరికి ఒక మేడమ్ లైటు కింద నిలబెట్టి, రెండు చేతులు చాపమంది. ముందు వెనక తిప్పి చూసింది. ఏసీలో కూడా నాకు చెమట పట్టింది. క్రీము చారలు కట్టింది. ఆమె దూది తీసుకుని మెల్లగా తుడిచింది.

"ఇదేంటమ్మా?"

కామెర్లకు పెట్టిన వాతలని చెప్పాను. ఆమె నవ్వలేదు. నవ్వితే కోపంతోనన్నా నిలదొక్కుకునేదాన్ని.

"మా యూనిఫామ్‌కి సగం చేతులేనమ్మా. ఇది కనబడుతుంది. మీకు నేర్పినవాళ్లు మొదటి రోజే చెప్పి ఉండాల్సింది."

బయటికొచ్చి నాయినతో రాలేదని చెప్పాను. ఎందుకు రాలేదో చెప్పాను. తిరుగు రైలెక్కాం. జనగామ దాటాక, "నేను ఆ దినం ఇంటికాడుంటే కాల్పియ్యనియ్యకపోదును బిడ్డా" అన్నాడు. ఉన్నా ఆపేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇన్‌స్టిట్యూట్‌కి పోయి గొంతు చించుకుని అరిచాను. దాన్ని పెట్టినాయన కుర్చీలోంచి లేవలేదు. కాల్చింది మేము కాదు కదమ్మా అన్నాడు. వాడి మొహం మండ. నేను ఏడుస్తుంటే నీళ్ల గ్లాసు ముందుకు జరిపి, విమానాశ్రయంలోనే ఇంకో పని ఉంది, పెట్టిస్తానన్నాడు. విమానాల లోపల ఊడ్చి తుడిచే పని. కాంట్రాక్టరు కింద. ఆ యూనిఫామ్‌కి నిండుచేతులు, వాతలతో వాళ్లకు పని లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. నా ఫోటో కూడా ఫ్లెక్సీకి ఎక్కింది, 'విమానాశ్రయంలో ఉద్యోగం సాధించిన మా విద్యార్థిని' అని.

ఇంట్లో మాత్రం ఏదీ దాచలేదు. వదిన విని, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టైంది అంది. నాయినమ్మ నా చెయ్యి పట్టుకుని వాతలను వేళ్లతో తడుముతూ కూర్చుంది. వాళ్లకు కనబడ్డందుకే వద్దన్నరా అని అడిగింది. అవునన్నాను. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. నాకు ఆమె మీద కోపం లేదని చెబితే అబద్ధమే అవుతుంది, కానీ అన్నం తినకపోతే చూడలేక కలిపి నోట్లో పెట్టాను.

ఇప్పుడు నేను చేసేది ఆ పనే. విమానం వచ్చి ఆగుతుంది. జనం దిగుతారు. మళ్లీ జనం ఎక్కేలోగా మేం లోపలికి ఉరికి, సీట్ల సందుల్లోంచి టిష్యూలు, బిస్కెట్ పొట్లాలు, ఒక్కోసారి వాంతి సంచులు తీసి, బెల్టులు సర్ది, టాయిలెట్లు కడిగి దిగిపోవాలి. విమానాలు ఏటికేడు పెరుగుతున్నాయి, మాకిచ్చే సమయం తగ్గుతోంది. నడుము నిలబడదు. వ్యాపారం బాగుందని టీవీలో చెబుతుంటే వింటాను. బాగుండనీ, నాకేం. తలుపు దగ్గర నా ఈడు అమ్మాయి నిలబడి, అక్కా, టాయిలెట్ ఇంకోసారి చూడండి అంటుంది. పాపం, మర్యాదగానే అంటుంది. నేను ముందు ఆమె చేతులు చూస్తాను. నున్నగా ఉంటాయి. ఏడ్చినట్టుంది బతుకు అనుకుంటూ టాయిలెట్ ఇంకోసారి కడుగుతాను.

మొన్న వానాకాలంలో వదిన ఫోన్ చేసింది. అన్న భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర టిప్పర్ నడుపుతాడు, నెలకోసారి గానీ ఇంటికి రాడు. వాళ్ల బిడ్డకు జ్వరమొచ్చి కళ్లు పచ్చబడ్డాయట. ఈ పూటే మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపో, నాయినమ్మ చేతికి మాత్రం పిల్లను ఇయ్యకు అని చెప్పాను. సరేనంది. నాకు సెలవు దొరికేసరికి వారం తిరిగింది.

నేను ఇల్లు చేరేసరికి పిల్ల మంచంలో మూలుగుతోంది. ఒళ్లు కాలిపోతోంది. వదిన గడపలో నిలబడి నా ముఖం చూడలేకపోయింది. మీ అన్న రాలేదు, మీ నాయిన పొలం కాడ ఉండె, ముసలామె మాట వినలేదు అని గొణిగింది. నేను పిల్ల చేతులు రెండూ తిప్పి చూశాను. ఏమీ లేవు. హమ్మయ్య అనుకున్నాను.

నాయినమ్మ నవ్వుతూ దగ్గరికొచ్చి పిల్ల గౌను పైకెత్తింది. బొడ్డు పక్కన రెండు వాతలు. చీము పట్టి, చుట్టూ ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఈసారి చేతికి పెట్టియ్యలే బిడ్డా. గిక్కడైతే ఎవ్వలకు కనవడది. ఇది పెద్దగైనంక ఇమానం ఎక్కకుంట ఎవడాపుతడో చూస్త."

పిల్లను భుజానేసుకుని, ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికాను. నాయినమ్మ చెప్పుల్లేకుండానే నా వెనక వస్తూ, గౌను కిందికి గుంజు బిడ్డా, ఎవరన్న చూస్తరు అని ఒకటే చెబుతోంది.